అమ్మకానికి ఊటీలో ఒక వారం

లీలాకుమారి నోరు మూసుకుని అది ఆరో రోజు.

మామూలు మనిషి ఆరు రోజులు మాట్లాడకపోతే ఇంట్లోవాళ్లకి హాయిగా ఉంటుందేమో. ఈవిడ ఇరవై ఎనిమిదేళ్లుగా మాట్లాడి బతికిన మనిషి. మద్రాసులో మొదలుపెట్టి, పరిశ్రమతో పాటు హైదరాబాదు వచ్చి, హీరోయిన్ల తల్లులకీ, అత్తగార్లకీ, లేడీ డాక్టర్లకీ, జడ్జమ్మలకీ గొంతు అరువిచ్చింది. ఫిల్మ్‌నగర్‌లో ఏ డబ్బింగ్ థియేటర్‌కి వెళ్లినా వాచ్‌మన్ నుంచి సౌండ్ ఇంజనీరు దాకా ఆవిడ్ని "అమ్మా" అనే పిలుస్తారు. మొహం మాత్రం వీధిలో కూరగాయల బండివాడికి తప్ప ఎవరికీ తెలియదు.

ఐదేళ్ల కిందట ఒక ఫోను కంపెనీ ఆవిడ చేత నాలుగు వాక్యాలు రికార్డు చేయించుకుంది. లేని నంబరు ఎవరైనా తిప్పితే "మీరు డయల్ చేసిన నంబరు వాడుకలో లేదు. దయచేసి సరిచూసుకోండి" అని పలికేది లీలాకుమారే. "తప్పు నంబరు తిప్పినవాళ్లందరికీ మా ఆవిడే బుద్ధి చెబుతుంది" అని ఆమె భర్త అచ్యుతరామయ్య ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. చెప్పిన వాడికే మళ్లీ చెప్పేవాడు కూడా.

అలాంటి గొంతులో పెసరగింజంత కాయ లేచింది. "పన్నెండు రోజుల్లో ఆపరేషన్ చేద్దాం. అప్పటిదాకా ఒక్క మాట కూడా వద్దమ్మా. గుసగుసలు అసలే వద్దు, అవి అరుపులకన్నా చేటు. ఆపరేషన్ అయ్యాక మరో రెండు వారాలు ఇంతే," అంది డాక్టర్ ప్రణతి. ఆ తర్వాత గొంతు మునుపటిలా వస్తుందా అని అచ్యుతరామయ్య అడిగితే, ఆ పిల్ల అబద్ధం చెప్పలేక బల్లమీది కాగితాలు సర్దుకుంది. లీలాకుమారికి ఆ కాగితాల చప్పుడే చెవిలో ఉండిపోయింది.

ఇక ఇంట్లో ఆమెకి కాలు నిలవడం లేదు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి బాల్కనీలోకి. బాల్కనీలోంచి చూస్తే కింద రోడ్డు మీద సుమోలు ఒకదాని వెనక ఒకటి. మాదాపూర్ కాల్ సెంటర్లకి పిల్లల్ని చేరవేసే బళ్లు. అందులో పిల్లలు పొద్దస్తమానం మాట్లాడతారు కదా, వాళ్ల గొంతులకి ఏమీ కాదేమిటి అనిపించేది. ఆ ఈర్ష్యకి తనకే సిగ్గేసేది. మాట్లాడాల్సి వస్తే చేతిలో మేజిక్ స్లేటు ఉంది, పిల్లలు గీసి పైకాగితం లాగితే చెరిగిపోయే రకం. భర్త మీద కోపమొచ్చి నాలుగు మాటలు రాస్తే, ఆయన కళ్లద్దాలు వెతుక్కుని వచ్చేలోపు కోపం చల్లారి ఆవిడే చెరిపేసేది.

ఆపరేషన్‌కి ముందుగా కట్టాల్సిన నలభై వేలు ఎలాగో బ్యాంకులో ఉన్నాయి. ఆ తర్వాత మూడు నెలలు పని లేకుండా ఇల్లు గడవాలి. అచ్యుతరామయ్య ప్రొడక్షన్ మేనేజరుగా పని మానేసి మూడేళ్లయింది. మానేశాడనే ఆయనంటాడు. పిలవడం మానేశారన్నది అసలు సంగతి. అందుకని ఇద్దరూ కలిసి ఊటీని అమ్మకానికి పెట్టారు.

ఊటీ అంటే ఊరు కాదు, ఊటీలో ఒక వారం. 1999లో జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర పెట్రోలు బంకులో కూపన్ మీద పేరు రాసి డబ్బాలో వేశాడు ఈయన. వారానికల్లా ఫోను: "మీకు ప్రైజు వచ్చింది, దంపతులిద్దరూ రావాలి." వెళ్తే ఒక హోటల్ హాల్లో మూడు గంటలు కూర్చోబెట్టి, పకోడీలు పెట్టి, కొండమీది రిసార్టు బొమ్మలు చూపించి, పాతికేళ్ల పాటు ఏడాదికో వారం అందులో ఒక గది మీదే అన్నారు. తొంభై వేలు వాయిదాల మీద వసూలు చేసుకున్నారు. ప్రైజు కింద ఇచ్చిన డిన్నర్ సెట్టులో ఇంటికొచ్చేసరికే రెండు ప్లేట్లు పగిలి ఉన్నాయి.

డబ్బింగుకి రేపు పొద్దున్న ఏడింటికి రమ్మని ఇవాళ సాయంత్రం ఫోను వస్తుంది. రిసార్టులో గది కావాలంటే నాలుగు నెలల ముందు చెప్పుకోవాలి. ఈ రెంటికీ ఎక్కడ పొత్తు కుదురుతుంది? ఏడేళ్లలో ఒక్కసారి వెళ్లారు. వారం రోజులూ వాన. అచ్యుతరామయ్యకి జలుబు చేస్తే కిటికీ తలుపులు బిడాయించుకుని కూర్చుని వచ్చారు. వెళ్లినా వెళ్లకపోయినా గది ఊడ్చి తుడిచినందుకు ఏటా ఇంతని బిల్లు మాత్రం తప్పకుండా వచ్చేది.

ఆ వారాన్ని కొనేవాడు ఉన్నాడని ఫోను రావడంతో కథ మొదలైంది. మాదాపూర్‌లో హ్యాపీ వీక్ రీసేల్స్ అని ఒక కంపెనీ, అందులో రాఘవేంద్ర అని మేనేజరు. రెండు లక్షల నలభై వేలకి పార్టీ సిద్ధంగా ఉంది అన్నాడు. ఆ రోజుల్లో మాదాపూర్ అంటే చాలు, అద్దాల మేడలోంచి వచ్చిన ఫోనుని ఎవరూ అనుమానించేవారు కాదు. పైగా తొంభై వేలకి కొన్నది రెండు లక్షల నలభైకి పోతుందంటే అచ్యుతరామయ్య ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "అప్పుడు నన్ను వెర్రివాణ్ణన్నావు," అన్నాడు పెళ్లాంతో. ఆమె నోరు తెరవలేదు కాబట్టి, ఒప్పుకుందనే లెక్క వేసుకున్నాడు.

కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు వీరయ్యకి మాత్రం ఇది మింగుడు పడలేదు. వీరయ్యది షేక్‌పేట. తాతల నాటి పొలాన్ని ముక్కలు ముక్కలుగా అమ్మి ఇక్కడ మూడంతస్తులు లేపాడు. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు రెట్టింపు కిరాయి ఇస్తామని తిరుగుతున్నా వీళ్లని కదిలించలేదు, టీవీలో లీలమ్మ గొంతు వింటే వాళ్ల ఇంటావిడకి ఖుషీ అని. ఆ రోజు మెట్ల మీద ఎదురైతే అచ్యుతరామయ్య ఊరుకోలేక బేరం సంగతి చెప్పాడు. ట్రాన్స్‌ఫర్ ఫీజు ముందు మనమే కట్టాలట, అమ్మకం సొమ్ముతో కలిపి తిరిగి ఇచ్చేస్తారట అని కూడా చెప్పాడు.

వీరయ్య మెట్టు మీదే ఆగిపోయాడు. "గదేంది సారూ? నేను ఐదుసార్లు జాగ అమ్మిన. కొనెటోడు నాకు బయానా ఇచ్చిండు గానీ, అమ్మెటోన్ని నేను పైసలిచ్చుడేంది? వాళ్లకు ఖర్చుంటే అమ్మిన పైసలల్లకెల్లి కోసుకోమనుండ్రి."

"అది భూమి వీరయ్య గారూ. ఇది కార్పొరేట్ వ్యవహారం. పద్ధతులు వేరు."

"పద్ధతి ఏదైతేంది, పైసలైతే గవే గద," అని వీరయ్య దిగిపోయాడు.

అచ్యుతరామయ్యకి ఆ మాట ఎందుకు ఎక్కలేదో పరిశ్రమలో పనిచేసినవాడికైతే చెప్పక్కర్లేదు. ముప్పై అయిదేళ్లు ఆయన చేసిన పని అడ్వాన్సులు ఇవ్వడం. ఆర్టిస్టు డేట్లు కావాలంటే అడ్వాన్సు. ఇల్లు షూటింగుకి కావాలంటే అడ్వాన్సు. గుర్రం కావాలంటే గుర్రం వాడికి అడ్వాన్సు. ముందు చేతిలో పడనిదే లైట్‌మన్ స్విచ్ మీద చెయ్యి వెయ్యడు. అడ్వాన్సు అడిగాడంటే పని చేసే ఉద్దేశం ఉన్నవాడని లెక్క, "ఏముందిలెండి, తర్వాత చూసుకుందాం" అనేవాణ్ణే నమ్మకూడదు. తానిచ్చిన అడ్వాన్సు ఒక్కటీ మునగలేదని ఆయనకి గొప్ప. అవన్నీ నిర్మాత డబ్బులు, ఎదురుగా ఉన్నది తెలిసిన మనుషులు అన్న సంగతి ఆయనకి తోచలేదు.

ఆరో రోజు మధ్యాహ్నం రాఘవేంద్ర నుంచి ఫోను వస్తే లీలాకుమారి కూడా వినాలని అచ్యుతరామయ్య స్పీకర్ నొక్కాడు.

"నమస్కారం అచ్యుతరామయ్య గారూ. మీ ఫైలు చివరి దశకి వచ్చిందండీ. కొనే పార్టీ కూడా లైన్లో ఉన్నారు. మీరు ఒకసారి మాట్లాడితే ఇద్దరికీ తృప్తిగా ఉంటుంది."

మంచి గొంతు. లీలాకుమారికి మొదట కలిగింది సంతోషమే. ఈ రోజుల్లో శ, ష, స మూడూ విడివిడిగా పలికే కుర్రాడెవడున్నాడు? వాక్యం చివర గొంతు జారకుండా నిలబెట్టాడు. ఎవరో బాగా నేర్పారు అనుకుంది.

టక్కున ఒక చప్పుడు, ఆ తర్వాత ముసలి గొంతు. "నా పేరు సత్యనారాయణమూర్తి అండీ. విశాఖపట్నం. ఇంజనీరుగా రిటైరయ్యాను. మా ఆవిడకి ఊటీ అంటే ప్రాణం. మీరు అమ్మనంటే మేము ఏమైపోతామో అని బెంగగా ఉందండీ."

అచ్యుతరామయ్య కరిగిపోయాడు. అటువైపు పెద్దాయనా ఇటువైపు పెద్దాయనా మోకాళ్ల నొప్పుల గురించి కాసేపు చెప్పుకున్నారు. లీలాకుమారికి మాత్రం లోపల ఏదో గీరుకుంది. ఏమిటో తెలియలేదు. ముసలాయన బాగానే మాట్లాడాడు. మరీ బాగా మాట్లాడాడు. మధ్యలో దగ్గలేదు, మాట మరిచిపోలేదు, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రాలేదు. ఆ సాయంత్రమంతా ఆమె బియ్యంలో రాళ్లేరుతూ, ఏరినవి మళ్లీ బియ్యంలోనే వేస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్న జడ వేసుకుంటూ అద్దం ముందు నిలబడ్డప్పుడు ఆమె గడ్డం దానంతటదే గుండెకి ఆనింది. ముసలి గొంతు కావాలంటే అలాగే చేయాలి. గడ్డం కిందకి దించి, ముక్కుతో ఊపిరి లాగి, ఒక గుటక వేసి, అప్పుడు పలకాలి. గ్రూప్ డబ్బింగులో ఒకే మనిషి పెళ్లివారిలో ముసలాయనా అవుతాడు, బస్సు కండక్టరూ అవుతాడు. ఈ కిటుకు ఎందరికి నేర్పిందో ఆమెకే లెక్క లేదు. నిన్నటి ముసలాయన ప్రతి వాక్యానికి ముందు గుటక వేశాడు. రాఘవేంద్ర వేసిందీ అదే గుటక, కాకపోతే గడ్డం పైకెత్తి. ఇద్దరికీ గొంతు ఒకటే.

హాల్లోకి పరిగెత్తి స్లేటు మీద రాసింది: "ఇద్దరూ ఒకడే."

అచ్యుతరామయ్య చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని చదివి నవ్వాడు. "నీకు రైలు కూత విన్నా డబ్బింగే అనిపిస్తుంది. ఆరు రోజులుగా మాటల్లేక నీకు ఇలా అవుతోంది లీలా."

ఎక్కడికి అని చేత్తో అడిగింది. ఆయన తల తిప్పుకున్నాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన అలా తల తిప్పుకున్న ప్రతిసారీ ఏదో కొంప మునిగింది. ఆమె తలుపుకి అడ్డంగా నిలబడి చూస్తే నెమ్మదిగా బయటపడింది. ట్రాన్స్‌ఫర్ ఫీజు కింద పద్దెనిమిది వేలు మూడు రోజుల కిందటే కట్టేశాడు. ఇప్పుడు టాక్సు కింద ఇంకో ముప్పై అయిదు వేలు కావాలట. అదిస్తే సాయంత్రానికల్లా చెక్కు. నాలుగింటికి వాళ్ల మనిషి ఇంటికే వస్తాడు. బ్యాంకులో ఉన్నది ఆపరేషన్ డబ్బొక్కటే.

"రెండు రోజుల్లో తిరిగి వచ్చేస్తాయి. ఆపరేషన్‌కి ఇంకా అయిదు రోజులుందిగా. ఇప్పుడు ఆగిపోతే ముందిచ్చిన పద్దెనిమిదీ పోతాయి," అన్నాడు. ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన గొంతు పలచబడింది. అడ్వాన్సు మునిగిందని ఒప్పుకుంటే ముప్పై అయిదేళ్ల గొప్ప మునిగినట్టే. ఆయన ఆ మనిషిని నమ్ముతున్నాడో లేదో ఆయనకే తెలియదు. నమ్మక తప్పని చోట నిలబడ్డాడు.

లీలాకుమారి రాసింది, చెరిపింది, మళ్లీ రాసింది. "నా గొంతు డబ్బు" అని రాసింది. ఆయన చదివాడో లేదో, ఆమెని పక్కకి తప్పించి మెట్లు దిగిపోయాడు. అరిస్తే ఆగేవాడు. ఒక్క కేక చాలు. నోటిదాకా వచ్చిన కేకని ఆమె పళ్లతో పట్టి ఆపింది. డాక్టరు పిల్ల సర్దుకున్న కాగితాలు గుర్తొచ్చాయి. గొంతు కాపాడుకోవడానికి దాచిన డబ్బు పోతుంటే గొంతెత్తకూడదు. ఇంత వెర్రి సంకటం ఏ సినిమాలోనూ ఎవరూ రాయలేదని ఆమెకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తేరుకుని ఆమె కూడా కిందకి దిగి వీరయ్య తలుపు తట్టింది. స్లేటు చూపించింది. వీరయ్య నిదానంగా చదివి, అచ్యుతరామయ్య సెల్‌కి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. "నాలుగ్గంటలకొస్తడా? రానియ్యమ్మా. నేను గేటు కాడ కుర్సీ ఏస్కొని కూసుంట. జర నిమ్మలంగుండు," అన్నాడు. నిమ్మళంగా ఉండటం ఆమె వల్ల కాలేదు. పైకెళ్లింది, కిందకి వచ్చింది, మళ్లీ పైకెళ్లింది.

మూడింటికి అచ్యుతరామయ్య వచ్చాడు. బ్యాంకులో పెద్ద క్యూ అట. చేతిలో పాలిథిన్ సంచి, సంచిలో నోట్లు. భార్య మొహంలోకి చూడకుండా సంచిని టీవీ మీద పెట్టాడు. అది పెట్టాడో లేదో ఫోను మోగింది. ఏ తప్పూ చేయడం లేదని చూపించుకోవడానికేమో, ఆయనే స్పీకర్ నొక్కాడు.

"అచ్యుతరామయ్య గారూ, రాఘవేంద్రనండీ. అమౌంటు సిద్ధమేనా?"

"సిద్ధం బాబూ."

"చాలా సంతోషమండీ. మీలాంటి పెద్దలు మా మీద ఉంచిన నమ్మకాన్ని మేము ఎన్నటికీ వమ్ము చేయం. ఈ సాయంత్రానికల్లా మీ చెక్కు..."

లీలాకుమారి ఫోను పక్కనే నిలబడి వింటోంది. ఇప్పుడు మాటలు కాదు, ఊపిరి వింటోంది. నమ్మకాన్ని అనే మాటకి ముందు ముక్కుతో చిన్న ఊపిరి, నోరు మైకు నుంచి పక్కకి తిప్పి. అలా తిప్పమని చెప్పింది తనే. ఈ కుర్రాడు తన దగ్గర నిలబడి నేర్చుకున్నవాడు. ఎవడు? పదేళ్లలో ఎంతమంది.

బల్లమీద స్లేటు పెన్ను ఉంది. థియేటర్‌లో కొత్తవాళ్ల చేత చెప్పించేటప్పుడు ఆమెకో అలవాటు. పక్కన నిలబడి పెన్నుతో స్టాండు మీద కొడుతుంది. రెండు దెబ్బలకి ఊపిరి పట్టాలి. మూడో దెబ్బకి డైలాగు మొదటి నుంచి అందుకోవాలి. ఎందుకు ఆపానని అడగకూడదు, ఎక్కడ తప్పని అడగకూడదు. అలా వందలసార్లు చెప్పించేది.

ఆమె పెన్ను తీసుకుని రిసీవరు మీద కొట్టింది. టక్. టక్.

"...మీ చెక్కు మీ ఇంటికి..." గొంతు ఆగింది. అటు ఊపిరి లోపలికి పోయిన చప్పుడు వినిపించింది.

టక్.

"చాలా సంతోషమండీ. మీలాంటి పెద్దలు మా మీద ఉంచిన నమ్మకాన్ని మేము ఎన్నటికీ వమ్ము చేయం." అదే గొంతు, అదే విరుపు, అదే సంతోషం, మొదటి అక్షరం నుంచి.

అచ్యుతరామయ్య ఫోను మీదికి వంగాడు. షూటింగుల్లో బతికిన మనిషి, రెండో టేకు వింటే ఆమాత్రం తెలియదా?

గోడ గడియారం చప్పుడు ఎవరింటిదో తెలియకుండా వినిపించింది. ఆ తర్వాత ఇంకో గొంతు వచ్చింది, రాఘవేంద్రా కాదు, సత్యనారాయణమూర్తీ కాదు.

"అమ్మా? మీరేనా?"

ఓంప్రకాష్. ఎర్రగడ్డ నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాడు. మొదటిరోజు మైకు ముందు "ఆయన వచ్చిండు" అంటే థియేటరంతా నవ్వింది. ఆ మాటతో ఇక్కడ అన్నం పుట్టదు, "వచ్చాడు" అను అని లీలాకుమారే ఆరు నెలలు కూర్చోబెట్టి వాడి నాలుక తిప్పించింది. వాడి సొంత మాట కావాలని ఏ డైరెక్టరైనా అడిగాడంటే అది రౌడీ పక్కన నిలబడేవాడికే. ఏడాదిగా కనబడటం లేదు, ఏ సాఫ్ట్‌వేర్‌లోనో కుదురుకున్నాడనుకున్నారు.

"గీ నంబరు మీదని నాకు ఎర్కలేదమ్మా. లిస్టుల సారు పేరే ఉండె," అన్నాడు వాడు. మాటలు తొందర తొందరగా వస్తున్నాయి. "పైసలియ్యకుండ్రి. నాలుగింటికి వచ్చెటోనికి తలుపు తీయకుండ్రి. మొదలు ఇచ్చినయి నా తాన లేవమ్మా, అవి ఎప్పుడో పెద్దోళ్లకు పోయినయి. నాకు దినానికింత ఇస్తరు, గంతే. నాలుగు గొంతులు జేస్తనని తీస్కున్నరు. ఒక్క మాట తిట్టుండ్రి అమ్మా. మస్తు దినాలైంది మీరు తిట్టక."

తిట్లన్నీ ఉన్నాయి. ఆరు రోజులవీ, పద్దెనిమిది వేలవీ, ఆరు నెలలు కూర్చోబెట్టి నేర్పినందుకు తనని తాను తిట్టుకోవాల్సినవీ. ఆమె పెదవులు విడిపడ్డాయి. అచ్యుతరామయ్య చెయ్యి చాచి ఆమె నోటికి అడ్డం పెట్టాడు.

"ఆవిడ తిట్టదు నాయనా," అన్నాడు ఫోనుతో. "గొంతుకి ఆపరేషన్. మాట్లాడకూడదు. నువ్వడిగిన డబ్బు ఆ ఆపరేషన్‌దే."

అటునుంచి గుటక వినిపించింది. ఈసారి దాని వెనక డైలాగు రాలేదు. ఫోను పెట్టేశాడు.

నాలుగుంబావుకి వీరయ్య పైకొచ్చి చెప్పాడు: "బండి మీద ఒకడొచ్చిండు. నన్ను జూసి, అడ్రస్ తప్పొచ్చిన అని ఎన్కకు మర్రిండు. బండి నంబరు రాస్కున్న." ఆ నంబరుతోనే మర్నాడు అచ్యుతరామయ్య పోలీస్ స్టేషన్‌కి వెళ్లి కంప్లయింటు రాసిచ్చాడు. ఎలా మోసపోయారని రైటరు అడిగితే, "అడ్వాన్సు ఇచ్చానండీ" అన్నాడు. ఇంటికొచ్చి, అడగకుండానే ఆ మాట భార్యకి చెప్పాడు. ఆ పూట ఆయన అన్నం సరిగా తినలేదు. ఆమెకి కోపం పోలేదు, కానీ పెరుగు మాత్రం ఇంకో గరిటె వేసింది.

ఊటీ వారాన్ని చివరికి రిసార్టు వాళ్ల సొంత ఆఫీసుకే తీసుకెళ్లారు. మొదట్లోనే అక్కడికి వెళ్లాలని ఇద్దరికీ తోచలేదు. వాళ్లు వెనక్కి తీసుకుంటాం, ప్రాసెసింగ్ చార్జీ ఉంటుంది అన్నారు. "ఏమున్నా మాకిచ్చే దాంట్లోంచే కోసుకోండి. మా జేబులోంచి ఒక్క పైసా రాదు," అన్నాడు అచ్యుతరామయ్య. వీరయ్య మాటే తెలుగు మార్చి చెప్పాడు. వాళ్లు అలాగే కోసుకున్నారు. కొన్న డబ్బులో నాలుగో వంతు కూడా రాలేదు. ఒక నెల గడుస్తుంది.

ఆపరేషన్ జరిగింది. కాయ మంచిదేనని రిపోర్టు వచ్చింది. మళ్లీ రెండు వారాలు స్లేటు. పదిహేనో రోజు డాక్టర్ ప్రణతి లోపలికి చూసి, "ఇంటికెళ్లి మాట్లాడండి. ఇవాళ్టికి అయిదు నిమిషాలే. ఎలా వస్తుందో వినండి," అంది. ఆసుపత్రిలోనే మొదటి మాట మాట్లాడటానికి లీలాకుమారికి ధైర్యం చాలలేదు. ఆటోలో దారంతా అచ్యుతరామయ్య ఆమె మొహంకేసి చూస్తూనే ఉన్నాడు.

ఇంటికొచ్చాక ఆయన వంటింట్లో పాలు పొయ్యి మీద పెట్టాడు. ఆమె హాల్లో ఫోను ముందు కూర్చుంది. అయిదు నిమిషాలు ఎవరికి ఖర్చు పెట్టాలో ఎప్పుడో నిర్ణయించుకుంది. ఒక్కొక్క తిట్టూ కూడబెట్టింది. గోడ మీద భర్త రాసిపెట్టుకున్న హ్యాపీ వీక్ నంబరు ఇంకా ఉంది. అది తిప్పింది. వాడెత్తితే ముందేమనాలో నాలుక చివరన ఉంది.

"మీరు డయల్ చేసిన నంబరు వాడుకలో లేదు. దయచేసి సరిచూసుకోండి."

తన గొంతు. ఐదేళ్ల కిందటిది. ఎక్కడా గరుకు లేదు. లేదు అనే మాటని కసరకుండా, బాధపెట్టకుండా, పక్కింటి పిల్లకి చెప్పినట్టు చెప్పింది. ఆ రోజు దానికి పదకొండు టేకులయ్యాయి. తన గొంతు ఇంత బాగుండేదా అనుకుంది. ఏడిస్తే గొంతుకి మంచిది కాదని ఏడుపు ఆపుకుంది. కూడబెట్టిన తిట్లు ఎటు పోయాయో తెలియలేదు.

మళ్లీ తిప్పింది. ఈసారి పెన్ను తీసుకుని బల్ల మీద రెండు దెబ్బలు కొట్టి ఊపిరి పట్టింది. మూడో దెబ్బకి నోరు తెరిచింది.

"మీరు డయల్ చేసిన..."

గొంతు ఒక మెట్టు కింద పలికింది. అంచున కాస్త ఇసక. ఆగిపోయింది. ఫోనులో గొంతు ఆమెని దాటి ముందుకి వెళ్లిపోయింది. ఇంకోసారి తిప్పింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. నంబరు దగ్గర అందుకుంది. వాడుకలో దగ్గర పక్కపక్కన నడిచింది. సరిచూసుకోండి దగ్గరికొచ్చేసరికి రెండు గొంతులూ ఒక్కసారే ఆగాయి. ఇసక ఉంది. కానీ అది తన గొంతే.

అచ్యుతరామయ్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వెనక పాలు పొంగుతున్న వాసన వస్తోంది. "ఇందాక మాట్లాడింది ఎవరు? ఫోనా, నువ్వా?" అన్నాడు.

"నేనే," అంది లీలాకుమారి. "పొయ్యి కట్టేసి రండి. ఈసారి నంబరు మీరు తిప్పండి."

ఆయన పొయ్యి కట్టేసి వచ్చి, గోడ మీది నంబరు చూసి, ఒక్కొక్క అంకె తప్పు పోకుండా తిప్పాడు.